వంక కాడి లైట్లు

ఆ ఎండాకాలం మా ఊరి దారికి సోలార్ లైట్లు వచ్చాయి. ఆ ఎండాకాలమే మా వదిన నీళ్లు తాగడం మానేసింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఊర్లో ఆడవాళ్లందరికీ తెలుసు. మగవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

మాది జమ్మలమడుగు పక్కన ఎర్రమిట్టపల్లె. ఊర్లో నుంచి ప్రొద్దుటూరు రోడ్డెక్కాలంటే ఒకటే దారి, దానికి రెండు పక్కలా నాపరాయి గనులు. ఒకాయన బైకుతో సహా గనిగుంతలో పడి కాలు పోగొట్టుకున్నాక పంచాయతీ లైట్లకు అర్జీ పెట్టింది. అడిగినన్ని ఇవ్వలేదు. ఇచ్చినవి ఎక్కడ నాటాలో తేల్చడానికి సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ అమూల్య మేడం వచ్చింది. పులివెందుల పిల్ల, నాకంటే కొంచెమే పెద్ద. కొలిచే టేపు ఒక కొస నా చేతికిచ్చింది.

మా అమ్మ మునెమ్మ వార్డు మెంబరు. సంతకం అమ్మది, మాట మా నాయిన నారాయణది. అందుకే ఆ పొద్దు దారిలో నాయిన, మా అన్న అవినాష్, ఊరి మగవాళ్లు ఉన్నారు. అమ్మ ఇంట్లో ఉంది.

"స్తంభం గాలికి పడకుండా ఉండాలంటే నడుములోతు గుంత పడల్ల," అంది అమూల్య మేడం. "పైన ప్లేటు మీద చెట్టు నీడ పడకూడదు. ఈ రెండూ కుదిరే చోటు చూపీండి, చాలు."

గడ్డపార వేసిన చోటల్లా జానెడు లోతులో రాయి తగిలింది. ఆటోలు నిలబడే కాడ గడ్డపార మొన వంగిపోయింది. వంక కాడికి వచ్చేసరికి మాత్రం సర్రున దిగింది. వానకాలంలో వంక తెచ్చి పోసిన ఒండ్రుమట్టి అది. చుట్టూ మనిషెత్తు కంపచెట్లే తప్ప నీడనిచ్చే మాను లేదు.

"అన్నీ ఈడనే పెట్టొచ్చు మేడం," అన్నాడు మా అన్న. "మలుపు గూడా ఈడే ఉండాది. బండ్లు పడేది ఈడే."

మా వీధిలోనే ఉండే నయీం ఆటో నడుపుతాడు. అతను ఒప్పుకోలేదు. "ఈడ ఎవురుంటారప్పా? ఆటోలు నిలబడే కాడ ఒకటి, మసీదు సందు మొదట్లో ఒకటి వెయ్యండి. మనుషులు దిగేది ఆడ గదా."

"ఆడ రాయి. నీ కండ్ల ముందరే గదా గడ్డపార వంగింది," అన్నాడు నాయిన.

"రాయి కొట్టే మిషన్లు మన ఊర్లో ల్యాకనా మామా? తెల్లార్లూ పొద్దుకులూ గనుల్లో ఆ మోతే గదా."

"నీ ఆటో కట్టి లాక్కోని రా పో మిషన్ను," అన్నారెవరో. అందరూ నవ్వారు.

నయీం మొహం ఎర్రబడింది. "సరే, కంపచెట్లకే దీపాలు పెట్టుకోండి. ఎన్నాళ్లు వెలుగుతాయో నేనూ చూస్తా," అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

నేను టేపు కొస పట్టుకుని వంకలో నిలబడి ఉన్నాను. నా కాళ్ల కింద ఉన్నది ఏ చోటో నాకు తెలుసు.

మా ఊర్లో ప్రతి ఇంటి వెనకా సర్కారు కట్టించిన మరుగుదొడ్డి గది ఉంది. గది ఉంది కానీ కింద గుంత మోకాలి లోతు దాటలేదు, రాయి అడ్డం పడింది. నాలుగు రోజులకే నిండి పైకి తన్నేది. అందరూ వాడడం మానేసి ఎవరికి తోచిన సామాను వాళ్లు అందులో పెట్టుకున్నారు. మగవాళ్లకు గనుల వైపు ఎప్పుడైనా చోటే. ఆడవాళ్లం తెల్లారకముందు ఒకసారి, పొద్దు కుంకినాక ఒకసారి చెంబులు పట్టుకుని వంకకు పోతాం. మధ్యలో అవసరమైతే ఓర్చుకోవడమే.

ఎండ నడినెత్తికి వచ్చింది. అమూల్య మేడం చేతిలో నీళ్ల బాటిలు నిండుగానే ఉంది. ఆమె మూత తీయడం నేను చూడలేదు.

సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ అడిగింది. "యాడ పెడతాండారు?"

"వంక కాడ."

తెడ్డు ఆగింది. "ఎవురన్నారు?"

"అందరూ అన్నారు."

"అందరంటే ఎవురు?"

నాయిన, అన్న అన్నానికి కూర్చున్నాక అమ్మ ముద్దలు పెడుతూ అంది. "ఆ లైట్లు వంక కాడ వద్దు."

"ఏమిటికి?" అన్నాడు నాయిన.

ఎదురుగా ఎదిగిన కొడుకు ఉన్నాడు. తలుపు పక్కన కొత్త కోడలు నిలబడి ఉంది. అమ్మ కాసేపు చెంబులోకి చూసింది. "ఊరికే," అంది.

"ఊరికేనని రాస్కుంటారా మే? మెంబరువి, మాట్లాడితే అర్థముండల్ల," అని నాయిన నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. అమ్మ ఇంకో ముద్ద పెట్టి లోపలికి పోయింది.

*

లైట్లు ఎంచే పని అన్నకు అప్పజెప్పారు. ప్రొద్దుటూరు పోతూ సుకన్య వదినను, నన్నూ వెంట తీసుకుపోయాడు. వదినది ప్రొద్దుటూరే. అప్పటికి ఆమెకు ఐదో నెల. పుట్టింట్లో రెండు గంటలు ఉండి రావచ్చని ఆశ.

అంగడాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి పొద్దు కుంకినప్పుడు వెలిగితే తెల్లారేదాకా ఒకే తీరుగా వెలుగుతుంది, బ్యాటరీ పెట్టె కింద ఉంటుంది. రెండోదానికి బ్యాటరీ లైటులోనే ఉంటుంది. మామూలుగా మసగ్గా వెలిగి, కింద మనిషి కదిలితే భగ్గుమని పెరుగుతుంది.

"కింద పెట్టె ఉంటే దొంగలెత్తుకపోతారు," అన్నాడు అన్న. "పక్కూర్లో అట్లనే పోయినాయి. ఇదైతే ఆ భయం ల్యా. చార్జింగూ మిగుల్తాది." అతను రెండో లైటు కింద చెయ్యి ఊపాడు. అంగడంతా తెల్లగా అయిపోయింది. వదిన కండ్లు చికిలించుకుని నవ్వింది.

అన్న తప్పుగా ఎంచలేదు. నేనున్నా అదే ఎంచేదాన్నేమో. అతనికి తెలిసిన దారిలో మనుషులు నడుస్తారు, బండ్లు పోతాయి. అంతే.

ఆ పొద్దు పుట్టింటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు వదిన వెనక్కి చూస్తూనే ఉంది. పెండ్లికి ముందే అన్న మాటిచ్చాడంట, వెనక గది బాగు చేయిస్తానని. శనగ కోతలు అయినాక అన్నాడు. కోతలు అయిపోయాయి. ఆ గదిలో నాయిన పాత మోటారు, యూరియా మూటలు కదలకుండా ఉన్నాయి.

*

లైట్లు నాటిన మరుసటి తెల్లవారుజామున మేం ఎప్పటిలాగే వంకకు పోయాం. అమ్మ, వదిన, నేను, నయీం పెండ్లాం ఖమ్రున్నీసా, ఇంకా మా వీధి ఆడవాళ్లు. దూరం నుంచి లైట్లు మసగ్గా కనిపించాయి. ఇంతేలే అనుకున్నాం. కంపల వెనక్కి పోయి కూర్చున్నాం.

అప్పుడు భగ్గుమంది. ఒకటి వెలిగితే దాని పక్కది, దాని పక్కది. కంపచెట్ల ముండ్లు కూడా లెక్కపెట్టేంత వెలుతురు. అందరం ఒక్కసారి లేచి నిలబడ్డాం. అదే సమయానికి గని నుంచి బండలేసుకుని లారీ వచ్చింది. డ్రైవరు వేగం తగ్గించాడు. హారన్ కొట్టాడు. పక్కన కూర్చున్నవాడు ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. మేం మొహాలు అటు తిప్పుకుని, కొంగులు కప్పుకుని వరసగా నిలబడి ఉన్నాం. నిండు చెంబులతోనే ఇండ్లకు వచ్చేశాం.

తర్వాత ఒక్కొక్కరు ఒక్కో దారి వెతుక్కున్నారు. కొందరు కంపల్లో ఇంకా లోపలికి పోయి కాళ్లు చేతులు గీరుకున్నారు. ఒక అవ్వ పాత గనిగుంత అంచున జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. బట్టలు ఉతకబోయి పడినానని కొడుకుతో చెప్పింది. కొడుకు నమ్మాడు.

వదిన ఏ దారీ వెతకలేదు. నీళ్లు తాగడం తగ్గించింది. తర్వాత మానేసింది. ఎండ మండిపోతున్న రోజులు, నాపరాయి గడపలు కాళ్లు కాలేవి. నేను గ్లాసు తెచ్చిస్తే పెదాలకు ఆనించి పక్కన పెట్టేది.

"కడుపులో బిడ్డుంది వదినా."

"సుమా, తాగితే పోవల్ల గదా," అంది మెల్లగా. "యాడికి పోయేది?"

ఒక మధ్యాహ్నం నీళ్ల గాబు దగ్గర కండ్లు తిరిగి పడిపోయింది. నయీం ఆటోలోనే ఆస్పత్రికి తీసుకుపోయాం. చోటు ఎంచిన రోజు నవ్విన మాటలు మనసులో పెట్టుకోకుండా, దారిలో ప్రతి గుంత దగ్గరా ఆటో నెమ్మది చేసి నడిపాడు. గ్లూకోసు ఎక్కిస్తూ డాక్టరమ్మ కోప్పడింది. "మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది. ఇట్లే ఉంటే నెలలు నిండకముందే కాన్పు అయిపోతాది. నీళ్లెందుకు తాగవు?"

వదిన అన్న వైపు చూసింది. "దప్పి కాదు," అంది.

అన్న ఆమె తల నిమురుతూ, "మొండిది మేడం, చెప్తే వినదు," అన్నాడు.

అమ్మ మంచం కాళ్ల వైపు నిలబడి ఉంది. కొడుకును చూసింది, కోడలిని చూసింది.

*

మా పొద్దుతిరుగుడు చేను వంక కిందనే. చిలకలను తోలడానికి అమ్మ ఇప్పటికీ వడిసెల వాడుతుంది. పెండ్లికి ముందు జొన్నచేలల్లో మంచె మీదే పెరిగిన మనిషి. తాడు మధ్యలో రాయి పెట్టి తల చుట్టూ తిప్పి వదిలితే చేనికి ఆ కొసన ఉన్న పక్షి లేవాల్సిందే.

వదిన ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో తెల్లవారుజామున అమ్మ చెంబుతో పాటు వడిసెల కూడా తీసుకుంది. వంక ఇంకా దూరం ఉండగానే, లైటు మనిషిని గుర్తుపట్టని చోట ఆగింది.

"మీరు వెనకాల ఉండండి," అంది మాతో.

"అక్కా, వద్దక్కా," అంది ఖమ్రున్నీసా.

వడిసెల గిర్రున తిరిగిన చప్పుడు, అద్దం పగిలిన చప్పుడు. రెండో స్తంభానికి వేసిన ఒక రాయి గురి తప్పింది, ఇంకోటి తగిలింది. అన్నీ ఆరిపోయేదాకా అమ్మ ఆగలేదు. చీకటి మళ్లీ వంకలోకి వచ్చింది. ఆ పొద్దు వదిన కూడా మాతో వచ్చింది. తిరిగి వచ్చాక చెంబెడు నీళ్లు గటగటా తాగింది. అది చూశాకే అమ్మ వడిసెల చుట్టి పక్కన పెట్టింది.

తెల్లవారాక ఊరు ఊరంతా వంక కాడ చేరింది. అన్న పగిలిన ముక్కలు ఏరుతూ ఏడుపు మొహం పెట్టాడు. తనెంచుకొచ్చిన లైట్లు. "ఎన్నాళ్లు వెలుగుతాయో చూస్తా అన్న్యాడు గదా, చూసినాడు," అన్నాడొకడు. ఆ మాట చాలింది. నయీం తను కాదంటున్నా వినకుండా ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి విచారించాలని అతన్ని స్టేషనుకు తీసుకుపోయారు. ఆటో వీధిలో అడ్డంగా నిలబడిపోయింది.

ఆడవాళ్ల మీద అనుమానం రావాలంటే ముందు ఆడవాళ్లు గుర్తుకు రావాలి. ఎవరికీ రాలేదు.

నాయిన మాత్రం స్తంభం కింద వంగి ఒక రాయి తీసుకున్నాడు. మా నేలలో ఉండేవి పలకరాళ్లు. అది గుండ్రాయి, నున్నటిది. వడిసెలకు పనికొస్తాయని అమ్మ పెన్నలో ఏరుకొచ్చి చేనిగట్టు మీద పోసుకున్నవాటిలాంటిది. నాయిన దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. నేను చూస్తున్నానని గమనించి జేబులో వేసుకున్నాడు.

ఇంట్లో ఆ రోజంతా ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. నాయిన అమ్మతో మాట్లాడలేదు. అమ్మ సాయంత్రం పొయ్యి ముట్టించేటప్పుడు ఖమ్రున్నీసా వచ్చి గడప మీద కూర్చుంది. కొంగులో మొహం పెట్టుకుంది.

"కొట్టినారంటనా?" అంది అమ్మ.

"ల్యా. కూర్చోబెట్టినారంట. రేపు కేసు రాస్తారంట." మొహం మీది కొంగు తీసి, "నేను చెప్పనక్కా. నా నోటెంట రాదు. మీరు చేసింది నా కోసం గూడా. కానీ ఆ మనిషి నిన్నటి దాకా మీ కోడలిని ఆటోలో తిప్పినాడు," అంది.

అమ్మ పుల్లలు పొయ్యిలోకి తోసింది. "తిన్నావా?"

"ల్యా."

అమ్మ సంగటి పెట్టింది. ఇద్దరూ ఒకే తట్టలో తిన్నారు.

*

మరుసటి రోజు మా ఇంటి వాకిట్లోకి కానిస్టేబులు, అమూల్య మేడం వచ్చారు. నష్టం ఎంతో రాయడానికి ఆమె, కంప్లైంటు మీద వార్డు మెంబరు సంతకానికి అతను. వీధిలో జనం నిలబడ్డారు. ఖమ్రున్నీసా ఆటో పక్కన నిలబడి ఉంది.

అన్న కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "ఈడ పెట్టుమా."

అమ్మ చదవడం నిదానం. వేలు పెట్టి చదివింది. నయీం పేరు దగ్గర వేలు ఆపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మేడం, ఒక్క నిమిషం రాండి," అని అమూల్య మేడంను ఇంటి వెనక్కి పిలిచింది. కానిస్టేబులు, నాయిన, అన్న కూడా వెనకే వచ్చారు. అమ్మ గది గొళ్లెం తీసింది. తలుపు పూర్తిగా తెరుచుకోలేదు, యూరియా మూట అడ్డం పడింది. మోటారు, తెగిన పైపులు, వాటి మీద బూజు. మూలన పగిలిన బేసిన్ సగం కనిపిస్తోంది.

"టేపు పట్టుకోని మా ఊర్లో పొద్దంతా తిరిగినారు గదా," అంది అమ్మ. "నా కూతురు చెప్పింది. నీళ్లు ఏమిటికి తాగలేదు మేడం?"

అమూల్య మేడం చేతిలోని ప్యాడ్ గుండెలకు ఆనించుకుంది. వంక వైపు చూసింది, తలుపు వైపు చూసింది. ఆమెకు అర్థమైన క్షణం నాకు కనిపించింది. "నన్నెవురూ... మీరు ఒక్క మాట చెప్పుంటే," అంది.

"ఎవురికి చెప్పల్ల? ఆ పొద్దు దారిలో ఉన్నోళ్లలో ఎవురికి చెప్పల్ల?" అని అమ్మ కానిస్టేబులు వైపు తిరిగింది. "నయీంను పంపీండి. ఆ లైట్లు పగలగొట్టింది నేను."

"అమ్మా, ఏం మాట్లాడతాండావు?" అన్నాడు అన్న.

కానిస్టేబులు నవ్వాడు. "ఎవురిని కాపాడల్లని చెప్తాండావు పెద్దమ్మా? అంత ఎత్తులో ఉండేది నీకు అందుతాదా?"

నాయిన జేబులో చెయ్యి పెట్టి ఆ రాయి తీశాడు. అన్న చేతిలోని కంప్లైంటు కాగితం మీద, నయీం పేరు మీద పెట్టాడు.

"ఆమేనప్పా," అన్నాడు. "ఆమె గురి నాకు తెలుసు."

అన్న గోడకు ఆనుకున్నాడు. వంటింటి కిటికీ వెనక వదిన నిలబడి ఉంది. అన్న చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత గదిలోకి వంగి యూరియా మూట ఒకటి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఎవరూ చెప్పలేదు.

*

నయీం ఆ సాయంత్రమే వచ్చాడు. మా ఇంటి ముందు నుంచే ఆటో తీసుకుపోయాడు, తల తిప్పలేదు. నష్టం మా మీద వేశారు, నాయిన కట్టాడు. మెంబరు పదవి వదులుకుంటానని అమ్మ అంటే, అమూల్య మేడం ఒప్పుకోలేదు. ఈసారి చోటు ఎంచే రోజు ఆడవాళ్లను పిలిచి, మగవాళ్లను ఇండ్లకు పంపించి, దారంతా నడిచింది. స్తంభాలు పీకి గని మిషనుతో రాయి కొట్టించి ఆటోలు నిలబడే కాడ, మసీదు సందు మొదట్లో, బడి ముందర నాటించింది. వంకను వదిలేసింది.

అదే మిషను రెండు రోజులు మా పెరట్లో కూడా మోగింది. ఇల్లంతా తెల్లటి రాతిపొడి. మాట వినిపించేది కాదు. వదిన చెవులు మూసుకుని అరుగు మీద కూర్చుని, మధ్యలో గ్లాసు ఎత్తి నీళ్లు తాగేది.

అమ్మకు, నాయినకు మధ్య మాటలు మాత్రం సరిగ్గా కుదరలేదు. గది సిద్ధమైన మరుసటి తెల్లవారుజామున అమ్మ మళ్లీ చెంబు తీసుకోవడం చూసి నాయిన మంచం మీద నుంచే అడిగాడు.

"యాడికి మే? ఇంట్లోనే చేయిస్తి గదా."

"ఖమ్రున్నీసా నిలబడింది వాకిట్లో."

"ఆమెను గూడా మన దాంట్లోకే రమ్మను."

"ఆమెనొక్కదాన్ని పిలిస్తే అయిపోతాదా? వంక కాడికి ఎంతమంది వస్తారో నీకు తెల్సునా?"

నాయిన లేచి కూర్చున్నాడు.

"ఎంతమంది?" అన్నాడు.

అమ్మ గడప మీదే ఆగిపోయింది. చెంబు కింద పెట్టింది. మా వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చెప్పసాగింది. ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరు బాలింతో కూడా చెబుతోంది. నాయిన మధ్యలో మాట్లాడకుండా వింటున్నాడు. తెల్లారిపోతోందని బయట ఖమ్రున్నీసా రెండుసార్లు దగ్గింది. అమ్మ ఇంకా మా వీధి దాటలేదు.